సగం పోసిన పాతర

గదిలో ఉన్నవి ఇవి. ఒక గొర్రు, దాని మీద విత్తనాలు పోసే చెక్క జడ్డిగం. కపిల తోలే రోజుల్లో బావి నీళ్లు తోడిన తోలు బాన, ఎండి అంచుల దగ్గర పగిలింది. ఇనుప శేరు, మానిక, అర్ధమానిక, వరసగా. రెండు రోకళ్లు, ఒకదానికి పొన్ను ఊడిపోయింది. దూదేకే విల్లు. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర నుంచి తెచ్చిన, కళ్లు ఇంకా చెక్కని నంది. రైలు స్టేషనులో వాడిన కిరసనాయిలు లాంతరు. గోడ వారగా గాజు పెట్టెలో, నేల కింద గింజలు దాచే పాతర నమూనా. ఉన్నవాళ్లు: టికెట్లు ఇచ్చే అమ్మాయి, బడిపిల్లలు ఒక ముప్పైమంది, వాళ్ల సారు, నేను.

పని మీద నంద్యాలకు వచ్చాను. మధ్యాహ్నం దాకా పని మొదలు కాదన్నారు. ఒక పాత బియ్యం గోదాములో చుట్టుపక్కల పల్లెల సామాన్లన్నీ చేర్చి మ్యూజియం పెట్టారని ఆటో అతను చెబితే పొద్దుపోక లోపలికి వెళ్లాను.

పాతరను సిమెంటుతో చేసి, నిలువునా సగానికి కోసినట్టు చూపించారు. పైన వీధి. కింద సీసాలాంటి గొయ్యి, మెడ సన్నగా, కడుపు వెడల్పుగా. గోడలకు జొన్నసొప్ప అతికించారు. అడుగున నిజమైన జొన్నలే పోశారు. వాటి మీద పంచె కట్టి తలపాగా చుట్టుకున్న బొమ్మమనిషి, నెత్తిన గంప పెట్టుకొని నవ్వుతున్నాడు. అతని కాళ్ల దగ్గర చిన్న లాంతరు, దానిలో ఎర్ర బల్బు.

"ఇది మన పెద్దోళ్ల ఫ్రిజ్జురా" అన్నాడు సారు. "కరెంటు ఖర్చు ల్యా, ఏమీ ల్యా. ఏండ్లకేండ్లు జొన్నలు చెడిపోవు."

"లోపలికి ఎట్ల దిగుతారు సార్?"

"నిచ్చెన ఏసుకోని."

"చీకటి ఉండదా సార్?"

"అందుకే లాంతరు పెట్టుకున్యాడు, సూడు."

"పామొస్తే?"

"ఎందుకొచ్చినావప్పా అని పామునే అడగాల."

పిల్లలు నవ్వారు. నంది దగ్గరికి కదిలారు.

టికెట్ల అమ్మాయి పక్కనే ఉంది. "ఆ లాంతరు మనిషి పక్కన ఉండకూడదమ్మా" అన్నాను. "మనిషి కంటే ముందు అది దిగాలి. అది ఆరిపోతే మనిషి దిగకూడదు."

"పిల్లోళ్లకు లోపల కనపడాలని పెట్టినాం సార్" అంది ఆ అమ్మాయి. "బొమ్మే గదా."

బొమ్మే. అవునన్నాను. అక్కడే నిలబడిపోయాను.

మాది ఆళ్లగడ్డకు దగ్గరలో నల్లరేగడి పల్లె. ఒకప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి ముందూ నేల కింద పాతర ఉండేదట. నాకు జ్ఞానం వచ్చేనాటికి చాలావరకు పూడ్చేశారు. ఏ ఇంటిది ఎక్కడ ఉండేదో, వాన పడినప్పుడు నీళ్లు ఎక్కడ గుంట కట్టేవో చూసి చెప్పేవారు. మా నాయనకు నాయన, మా జేజినాయన, ఒక్కడే పాతర మానలేదు. గోదాములో పెట్టుకోవచ్చు గదా అని ఎవరన్నా అంటే, "గోదాములో పెడితే ఎలుక తింటాది, దలారి తింటాడు. నేలలో పెడితే నేను తింటా" అనేవాడు.

పాతర తెరవడం నేను అంతకుముందు ఒకసారి చూశాను. చిన్న పెళ్లిలాగా ఉండేది. పొద్దున్నే మన్ను తీసి, పేడ అలికిన బండ పైకెత్తేవారు. ఇక ఆ పొద్దంతా దాని దగ్గరికి ఎవరూ పోకూడదు. మర్నాడు మోకుకు దీపం కట్టి లోపలికి వదిలేవారు. దీపం వెలుగుతూ ఉంటేనే మనిషి దిగేవాడు. దిగినవాడి నడుముకు ఒక మోకు, గంపకు ఒక మోకు. అంత పొడుగు మోకులు ఒకే ఇంట్లో ఉండవు గనక వీధిలో వాళ్లు తెచ్చేవారు. లాగడానికీ వాళ్లే వచ్చేవారు. అందుకే ఒక కట్టుబాటు ఉండేది: పాతర నోరు తెరిచి ఉన్నంతసేపు గంప పట్టుకొని వచ్చినవాళ్లకు లేదనకూడదు.

ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు. పులిసిన కల్లు, తడిసిన మన్ను, పాత బెల్లం, మూడూ కలిసినట్టుండేది. ఆ జొన్నల రొట్టె కొంచెం ఎర్రగా వచ్చేది. టౌను చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మేం చెనిక్కాయల ఊరిబిండి అద్దుకొని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్లం.

నేను చెప్పేది వరసగా రెండేళ్లు వానలు లేని కాలం. కాలువకు నీళ్లు వదల్లేదు. మా చేలో జొన్న నా మోకాలి ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. కంకి బయటికి రాకుండా పొట్టలోనే ఎండింది. భూమి ఉందని మాకు తెల్లకార్డు ఇవ్వలేదు. ఆ భూమి ఏమీ ఇవ్వలేదు. అమ్మ కాన్పుకు గోస్పాడు దగ్గర పుట్టింటికి పోయింది. ఇంట్లో జేజినాయన, ఆయన భార్య మా జేజి, నాయన, చిన్నాయన, నేను.

చిన్నాయనకు పెళ్లి కాలేదు. చేలో పని లేకపోయేసరికి ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల దగ్గర కూలికి పోయేవాడు. చెక్కే పని కాదు, బండలు దింపడం, రుద్దడం. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి కనురెప్పలు తెల్లగా ఉండేవి. ఆయన దగ్గర తడిపిన రాతిపొడి వాసన వచ్చేది. జేబులో నాకోసం రాతిముక్కలు తెచ్చేవాడు. "ఇది దేవుని చెవిలోంచి రాలింది. ఇది ముక్కులోంచి. ఇది యాన్నుంచో అడగాకు" అని చేతిలో పెట్టేవాడు.

కరువుకు ముందు ఏడాది మేమిద్దరం పక్కచేలో ఊచకంకులు దొంగిలించాం. పాలు పోసుకున్న పచ్చి జొన్నకంకులు. మా చేలో లేక కాదు, పక్కవాళ్లవి తియ్యగా ఉంటాయని. సొప్పమంట మీద కాల్చి, వేడివేడిగా కంబళిలో వేసి నలిపి, పొట్టు ఊదుకుంటూ గట్టు చాటున తింటుంటే ఆ చేను గలాయన వచ్చాడు.

"ఎవరి కంకులప్పా అవి?"

"నీవే మామా" అన్నాడు చిన్నాయన. "బాగుండాయి. దా, కూసో."

ఆయన కూర్చున్నాడు. తన కంకులు తనే తిని, బెల్లంముక్క ఉంటే ఇంకా బాగుండేదని చెప్పి పోయాడు. అప్పుడు మా ఊళ్లో తిండి విషయంలో అంత ధైర్యం ఉండేది.

ఆ ధైర్యం పోయిందని నాకు తెలిసింది పాతర గురించి ఇంట్లో మాట్లాడుకున్న రోజు. జొన్నపిండి కుండ అడుగు గోకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాయనే మొదలుపెట్టాడు.

"ఇంగ తెరవాల్సిందే."

"తెరిస్తే ఈదంతా వస్తాది" అంది జేజి.

"రానీమ్మా. ఎప్పుడూ వస్తారు" అన్నాడు చిన్నాయన.

"ఎప్పుడూ నిండుగా ఉండె. ఈతూరి సగమే పోసినాం, మర్సిపోతివా? వచ్చినోళ్లకంతా పోసినాక మనకేం మిగులుతాది, సొప్పనా?"

అప్పటికే వీధిలో సగం ఇళ్లలో ఒంటిపూటే పొయ్యి వెలిగేది. గంప పట్టుకొని రానివాళ్లు ఆ ఏడు ఎవరూ ఉండరు. వచ్చినవాళ్లకు లేదనడం జేజినాయనకు చేతకాదు. అది అందరికీ తెలుసు, ఆయనకే ఎక్కువ తెలుసు.

"ఈదిలో ఎవరూ లేని పొద్దు తెరుద్దాం" అన్నాడు చివరికి. "పల్లకి వచ్చే పొద్దు."

కనుమ తర్వాత అహోబిలం స్వామి పల్లకి పారువేట ఉత్సవానికి బయలుదేరి ఊరూరూ తిరుగుతుంది. పక్క ఊరికి వచ్చిన రోజు మా ఊళ్లో పిల్లా జెల్లా బండ్లు కట్టుకొని పోయేవారు. గొడ్లకాడ కూడా మనిషి ఉండడు.

"స్వామి వచ్చిన పొద్దు దొంగల మాదిరి ఏంది నాయనా?" అన్నాడు చిన్నాయన.

"మన జొన్నలు మనం తీసుకునేది దొంగతనమా?"

"కాకపోతే దాక్కోని యాల తీసుకునేది?"

జేజినాయన లేచి మూలనున్న మోకు విప్పి చూసుకోసాగాడు. చిన్నాయనే, "సరే, దిగేది నేనే గదా. దేవునికి నేనే చెప్పుకుంటాలే" అని నవ్వేశాడు.

ఇంట్లో పొడుగు మోకు ఒక్కటే ఉంది. రెండోది ఎప్పుడూ ఎదురింటి దూదేకుల మామ ఇచ్చేవాడు. పరుపులు కుట్టేవాడు, కొబ్బరి మోకులు ఆయన దగ్గర గట్టివి ఉండేవి. ఈసారి అడగడానికి లేదు. అడిగితే ఎందుకని అంటాడు.

ఆ రోజు బండ్లన్నీ ఊరు దాటిన తర్వాత నాయన, చిన్నాయన గడ్డపారలతో బండ లేపారు. జేజి, నేను అరుగు మీద కూర్చున్నాం. నోరు తెరుచుకోగానే ఆ వాసన వచ్చింది. ఖాళీ కడుపుకు అది తిండి వాసనే. నా నోట్లో నీళ్లూరాయి.

ఒక పొద్దంతా ఆరబెట్టడానికి వీలు లేదు. సాయంత్రానికి ఊరు తిరిగొస్తుంది. జేజినాయన కంబళితో నోటి దగ్గర చాలాసేపు విసిరాడు. బుడ్డి వెలిగించి మోకుకు కట్టి వదిలాడు. ఆరిపోయింది. మళ్లీ విసిరాడు. పక్క ఊరి తప్పెట్లు గాలికి వినిపిస్తున్నాయి. రెండోసారి వదిలాడు. ఈసారి దీపం నిలిచింది. ఆయన వంగి చూసి, ముడి దాకా వదిలి, కాసేపు ఉంచి, పైకి తీశాడు.

ముడి గురించి చెప్పాలి. ఆ మోకుకు ఒకచోట ఎర్రగుడ్డ చుట్టిన ముడి ఉండేది. దీపం ఎంత లోతుకు వదలాలో దానికి గుర్తు. ఆయన నాయన వేసిన ముడి అది. నిండు పాతరలో జొన్నలు మెడ దాకా ఉంటాయి. దీపం ముడి దాకా దిగితే జొన్నలను తాకుతుంది. అన్నేళ్లూ అది సరిపోయింది. ఆ ఏడు పాతర సగమే ఉంది. చెడ్డగాలి బరువైనది, జొన్నల మీద అడుగునే పరుచుకొని ఉంటుంది. దీపం వెలిగింది దానికి నిలువెత్తు మనిషంత పైన. పైన ముగ్గురు మగవాళ్లున్నారు, ముగ్గురికీ పాతర సగమే ఉందని తెలుసు. ఆ సగం కోసమే దొంగచాటుగా తెరిచారు. ముడి గురించి మాత్రం ఎవరికీ తోచలేదు.

చిన్నాయన నడుముకు మోకు కట్టుకొని దిగాడు. కాళ్లు జొన్నల్లో దిగబడిన చప్పుడు వినిపించింది. గంప కోసం మోకు విప్పి ఇచ్చాడు, ఇంకో మోకు లేదు గనక.

"నాయనా" అని లోపలి నుంచి పిలిచాడు. గొంతు కుండలోంచి వచ్చినట్టుంది. "ఈడ కల్లంగడి పెట్టొచ్చు. వాసనకే తల తిరుగుతాంది."

"మాటలు తగ్గించి బేగా పొయ్యి" అన్నాడు నాయన.

మొదటి గంప వచ్చింది. జేజి చేటలో పోసుకొని, గింజ కొరికి, "బాగుండాయి" అంది. ఆమె నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. రెండో గంప తేలిగ్గా వచ్చింది.

"ఏందిరా, సగమే పోసినావ్?" అన్నాడు నాయన.

లోపల చప్పుడు లేదు.

"ఒరేయ్."

మళ్లీ పిలిచారు. నాయన పంచె ఎగగట్టి కాళ్లు లోపలికి వేశాడు. జేజినాయన వెనక నుంచి ఆయన నడుము పట్టుకున్నాడు.

"వదులు నాయనా."

"వదలను."

"వాడు బతికే ఉండాడు, వదులు."

"నువ్వు గూడ దిగితే నాకెవరు మిగుల్తార్రా?"

ఇద్దరూ దుమ్ములో పడ్డారు. నాయన ఆయనను కొట్టాడు. మొహం మీద, చేతుల మీద, వదిలేదాకా కొట్టాలని. ఆయన వదల్లేదు. ముసలాయనకు ఆ బలం ఎక్కడిదో నాకు తెలియదు. జేజి వీధిలోకి పరిగెత్తి అరిచింది. అన్ని తలుపులకూ గొళ్లాలు. ఎవరూ ఉండకూడదని మేం ఎంచుకున్న రోజు అది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. దూదేకుల మామ ఏటా పల్లకి చూడ్డానికి పోయేవాడే. ఆ రోజు చిన్నకొడుక్కు జ్వరమని ఉండిపోయాడు. తెరిచిన పాతర చూశాడు, కిందపడి ఉన్న ఇద్దరినీ చూశాడు. ఒక్క మాట అడగలేదు. లోపలికి పోయి మోకు తెచ్చాడు. వేపకొమ్మలు విరిచి కట్ట కట్టి, మోకుతో పాతరలోకి దించి, లోపలి గాలి కదలాలని పైకీ కిందికీ ఆడించాడు. జేజి చేత బిందెలతో నీళ్లు పోయించాడు. తర్వాత టవలు తడిపి మొహానికి చుట్టుకొని, మోకు నడుముకు కట్టుకున్నాడు.

"అన్నా, నేను లాగితే లాగు" అన్నాడు నాయనతో. "లాగకపోయినా లాగు."

అలా చిన్నాయనను పైకి తెచ్చారు. ఒంటి మీద గాయం లేదు. జుట్టులో జొన్నలు ఇరుక్కొని ఉన్నాయి. ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోవడానికి ఊళ్లో బండి లేదు, అన్నీ పల్లకి కాడ ఉన్నాయి. మామ చాలాసేపు రొమ్ము మీద ఒత్తి చూశాడు, నోట్లో గాలి ఊదాడు. తర్వాత ఒత్తడం ఆపి, ఆయన కాళ్లు దగ్గరికి చేర్చి, అవతలికి పోయి కూర్చున్నాడు. జేజి ఆ జుట్టులో గింజలు ఒక్కొక్కటే ఏరుతూ ఉండిపోయింది.

పొద్దు వాలేటప్పుడు ఊరు తిరిగొచ్చింది. నుదుట కుంకుమ, ఆకుల్లో పులిహోర. బండ్లు దిగి, తెరిచిన పాతరను, పక్కన చాప మీద మనిషిని, ఒకేసారి చూశారు. ఎందుకు ఆ రోజే తెరిచామో విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరన్నా ఒక మాట అని ఉంటే బాగుండేది. అనలేదు.

కర్మ అయిన తర్వాత వీధి వాళ్లే వచ్చి, తమ మోకులతో, బాగా ఆరిన పాతరలోంచి మిగతా జొన్నలు తోడి పెట్టారు. జేజినాయన నోటి దగ్గర నిలబడి, "గంపలు తెచ్చుకోండప్పా, లేదనను" అన్నాడు. వాళ్లు చేతులు కడుక్కొని వెళ్లిపోయారు. మనిషి పోయిన పాతర గింజ ఎవరు తింటారు? నంద్యాలలో కోళ్ల దాణాకు అడిగితే వాసన చూసి అక్కర్లేదన్నారు. జేజి ఆ బస్తాలను గడప లోపలికి రానివ్వలేదు. గొడ్లకొట్టంలో పెట్టారు.

ఇంట్లో పిండి అయిపోయింది. జేజి అడిగి తెచ్చినది కూడా అయిపోయింది. ఒక పూట చింతచిగురు ఉడకబెట్టుకొని తాగాం. నాయన, జేజినాయన ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఒకరు ఇంట్లో ఉంటే ఇంకొకరు అరుగు మీద. నాకు ఆకలేస్తోందని చెప్పడానికి కూడా ఎవరి దగ్గరికి పోవాలో తెలిసేది కాదు.

ఒక పొద్దున దూదేకుల మామ గంప తీసుకొని మా అరుగు కాడికి వచ్చాడు.

"పెద్దాయనా, నా గంప నాకు పొయ్యి. పాతర తెరిచిన పొద్దు వచ్చినోన్ని నేనొక్కన్నే గదా."

జేజినాయన తల ఎత్తాడు. "తింటావా?"

"పిల్లోళ్లు ఆకలని ఏడుస్తాండారు. గింజ ఏం జేసింది పెద్దాయనా? పిల్లోన్ని మింగింది గాలి."

"మా ఇంట్లోనే తినడం ల్యా అవి."

"మీరు తినకుంటే నాకింగో గంప పొయ్యి" అన్నాడు మామ. కొంచెం నవ్వడానికి చూశాడు, రాలేదు.

జేజినాయన తనే లేచిపోయి గంప నింపి, మోసుకొచ్చి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఎదురింటి పొయ్యి పొగ వీధి దాటి వచ్చింది. కాలుతున్న రొట్టె, అందులో ఆ వాసన. నేను అరుగు అంచు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చాను. జేజి చూసింది. చాలాసేపు కూర్చుంది. తర్వాత కొట్టంలోకి పోయి చేటనిండా జొన్నలు తెచ్చి, ఇసుర్రాయి ముందు కూలబడింది.

"రాప్పా" అంది నాయనతో. "నాకొక్కదానికి తిరగదు."

నాయన వచ్చి పిడి పట్టుకున్నాడు. ఇద్దరూ తిప్పారు. రొట్టెలు ఎర్రగా వచ్చాయి. ఊరిబిండి లేదు, ఉప్పు అద్దుకున్నాం. జేజినాయనను కూడా లోపలికి పిలిచింది. ఆయన, నాయన ఎదురెదురుగా కూర్చున్నారు. రుచి ఎట్లుందని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాది అయిపోయింది. ఇంకో రొట్టె కావాలన్నాను. జేజినాయన తన ముందున్నది తీసి నా కంచంలో వేశాడు.

ఎండాకాలంలో పాతరను ఆయనే పూడ్చాడు. ఎవరినీ తట్ట పట్టనివ్వలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఫ్యాక్టరీల్లో మనుషులు దిగే ట్యాంకుల్లో, గుంతల్లో గాలి పరీక్షించడం. దీపానికి బదులు మీటరు ఉంది, మోకుకు బదులు గొట్టం. పోయినసారి ఇంతవరకే చూశాం సార్ అని ఎవరన్నా అంటే, అడుగు తాకేదాకా గొట్టం వదిలిస్తాను. చాదస్తమని వెనక నవ్వుకుంటారు. నవ్వనిస్తాను. ఎన్ని ట్యాంకుల్లో చూసినా ఆ ఒక్క గొయ్యి అడుగున ఏముందో చూడడానికి నాకు వీలు లేదు. ఆ రోజు దీపం ఇంకొక నిలువు కిందికి పోయి ఉంటే, మోకు రెండోది ఉండి ఉంటే, వీధిలో మనుషులుంటే, అని వరసగా రాసుకుంటూ పోవచ్చు. రాసుకున్నాను కూడా. ఎక్కడికీ చేరదు. జేజినాయన పోయేదాకా నాయన ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడాడు. జేజి ఆ తర్వాత పల్లకి చూడ్డానికి పోలేదు.

పిల్లలు వెళ్లిపోయారు. "ఇంగా ఏమన్నా చూడాల్నా సార్?" అని టికెట్ల అమ్మాయి అడిగింది. లేదన్నాను. ఆ అమ్మాయి ఫ్యాను ఆపింది.

మళ్లీ చేలో జొన్న కోసేలోపు ఆ జొన్నలన్నీ తిన్నాం. పారబోసింది లేదు, మిగిలింది లేదు. దూదేకుల మామకు పోసింది పోను, పదకొండు బస్తాలు.